సీలియాక్ ఉన్న పిల్లలకు గ్లూటెన్ లేని ఇల్లు: మొదటి పరీక్ష నుంచి ఫాలోఅప్ దాకా ఏం చేయాలి

"చపాతీ మానేశాం, బ్రెడ్డు, బిస్కెట్లు ఆపేశాం, మూడు పూటలా అన్నమే పెడుతున్నాం. అయినా పాపకు టీటీజీ తగ్గలేదు. ఎందుకు?" సీలియాక్ ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. సీలియాక్ అంటే గోధుమ, బార్లీ లాంటి ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ తింటే చిన్నపేగు దెబ్బతినే జబ్బు. టీటీజీ అంటే ఆ జబ్బును పట్టిచ్చే యాంటీబాడీల రక్తపరీక్ష.

మన వంటిళ్లలో కనిపించే గోధుమ తక్కువ. అందుకే సులువనుకుంటాం. కానీ కనిపించని గోధుమ ఇంగువ డబ్బాలో ఉంటుంది, పిండి మరలో ఉంటుంది, పాలలో కలిపే పొడిలో ఉంటుంది, ప్రేమగా చేతిలో పెట్టే ప్రసాదంలో ఉంటుంది. చపాతీ మానేయడం ఒక్కరోజు పని. ఈ దాగున్నవాటిని వెతికి తీసేయడమే అసలు పని. ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

1. పరీక్షలన్నీ పూర్తయ్యేవరకు గోధుమ ఆపకండి

అనుమానం రాగానే గోధుమ మానేసి, తర్వాత పరీక్షకు వెళ్లేవాళ్లు చాలామంది. ఇది పెద్ద చిక్కు తెచ్చిపెడుతుంది. గ్లూటెన్ తింటున్నప్పుడే రక్తంలో యాంటీబాడీలు ఉంటాయి, చిన్నపేగు లోపలి పొర దెబ్బతిన్నట్టు కనిపిస్తుంది. ముందే మానేస్తే జబ్బు ఉన్నా రిపోర్టు నార్మల్ అని రావచ్చు. అప్పుడు డాక్టరు మళ్లీ కొన్ని వారాలు గోధుమ తినిపించి పరీక్ష చేయాల్సి వస్తుంది. పిల్లలకు అది నరకం.

డాక్టరుతో మాట్లాడాల్సినవి:

- టీటీజీ ఐజీఏ పరీక్షతోపాటు టోటల్ ఐజీఏ కూడా చేయించారా? ఐజీఏ అంటే ఒక రకం యాంటీబాడీ. కొందరు పిల్లల్లో ఆ ఐజీఏనే తక్కువగా ఉంటుంది. వాళ్లకు మొదటి పరీక్ష ఒక్కటే చేస్తే తప్పుగా నార్మల్ అని వస్తుంది.
- ఎండోస్కోపీ, బయాప్సీ (గొట్టంతో పేగు లోపల చూసి, చిన్న ముక్క తీసి పరీక్షించడం) అవసరమా? టీటీజీ మామూలు పరిమితికి 10 రెట్లు, అంతకు మించి ఉండి, మరోసారి తీసిన రక్తంలో ఈఎంఏ (సీలియాక్‌కు చేసే మరో యాంటీబాడీ పరీక్ష) కూడా పాజిటివ్ అయితే పిల్లల్లో బయాప్సీ లేకుండానే నిర్ధారించే పద్ధతి ఉంది. ఆ నిర్ణయం పిల్లల గ్యాస్ట్రో డాక్టరుదే.
- తోబుట్టువులకు, తల్లిదండ్రులకు ఎప్పుడు పరీక్ష చేయించాలి? లక్షణాలు లేకపోయినా చేయించాలి. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలకు ఉండటం అరుదేమీ కాదు.
- హిమోగ్లోబిన్, ఐరన్, విటమిన్ డి, బి12, థైరాయిడ్ చూశారా?

సీలియాక్ అంటే అందరికీ విరేచనాలే ఉండవు. కొందరు పిల్లలకు పొట్ట ఉబ్బుతుంది, కొందరికి మలబద్ధకం. కొందరు ఎత్తు పెరగరు. ఎన్ని ఐరన్ సిరప్‌లు వాడినా రక్తం పెరగని పిల్లలూ ఉంటారు.

2. ఏది వద్దు, ఏది తినొచ్చు: ఫ్రిజ్ మీద అంటించే జాబితా

వద్దన్నవి మూడే ధాన్యాలు: గోధుమ, బార్లీ, రై (ఆవాలు కాదు, గోధుమ లాంటి ఒక ధాన్యం). చిక్కల్లా గోధుమకు మన ఇళ్లలో ఉన్న పేర్లతోనే.

పూర్తిగా వద్దు:

- గోధుమపిండి, మైదా, మల్టీగ్రెయిన్ ఆటా
- బొంబాయి రవ్వ, గోధుమ రవ్వ, దలియా
- సేమియా, నూడుల్స్, పాస్తా (బియ్యంతో చేసినవి వేరే)
- బ్రెడ్డు, బన్ను, రస్కు, బిస్కెట్లు, కేకు, పఫ్, సమోసా
- బార్లీ నీళ్లు, బార్లీ గంజి. ఒంటికి చలవని, మూత్రం మంటకు మంచిదని పెద్దవాళ్లు కాచి ఇస్తారు. ముందే చెప్పి ఉంచండి.
- మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) కలిపిన, పాలలో వేసే పొడులు. హార్లిక్స్, బూస్ట్ లాంటివి బార్లీ మాల్టుతో చేస్తారు.
- ఖప్లీ గోధుమ, దేశవాళీ గోధుమ. "ఇది పాతకాలపు గోధుమ, ఏమీ కాదు" అని అమ్ముతారు. అందులోనూ గ్లూటెన్ ఉంటుంది.

తినొచ్చు:

- బియ్యం, అటుకులు, మరమరాలు, ఇడ్లీ రవ్వ, సగ్గుబియ్యం, మొక్కజొన్న
- జొన్న, రాగి, సజ్జ, కొర్ర, సామ, ఊద, అరిక, అండుకొర్ర
- పప్పులన్నీ, పల్లీలు, నువ్వులు
- పాలు, పెరుగు, నెయ్యి, గుడ్లు, చేపలు, మాంసం
- కూరగాయలు, పండ్లు, ఆకుకూరలు

రేషన్ బియ్యంలో తెల్లగా వేరేగా కనిపించే ఫోర్టిఫైడ్ గింజల గురించి చాలామంది అడుగుతున్నారు. అవి బియ్యప్పిండికి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి చేసిన గింజలు. వాటిలో గోధుమ ఉండదు.

ఓట్స్ విషయంలో తొందరపడకండి. అవి పొలం నుంచి ఫ్యాక్టరీ దాకా గోధుమ, బార్లీతో కలిసే ప్రయాణిస్తాయి. గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉన్న ఓట్స్ కూడా రిపోర్టులు కుదుటపడ్డాక డాక్టరు చెబితేనే మొదలుపెట్టాలి.

3. ఇల్లంతా మారాలా, పిల్లలొక్కరే మారాలా?

ఇల్లంతా మారాలి. ఇది నా గట్టి అభిప్రాయం.

మొదటి కారణం పిండి ధూళి. చపాతీ ఒత్తేటప్పుడు లేచే పిండి గట్టు మీద, పక్కనున్న గిన్నెల్లో, చేతిగుడ్డ మీద పడుతుంది. ఒక బ్రెడ్డు ముక్కలో సుమారు 2 గ్రాముల గ్లూటెన్ ఉంటుంది. రోజూ 50 మిల్లీగ్రాములు లోపలికి వెళ్తే చాలు, పేగు దెబ్బతింటుంది. అంటే ఆ ముక్కలో నలభయ్యో వంతు.

రెండో కారణం పిల్లల మనసు. అందరూ పూరీలు తింటుంటే పక్కన కూర్చుని ఇడ్లీ తినే ఆరేళ్ల పిల్ల ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? ఎవరూ చూడనప్పుడు ఒక ముక్క తీసి నోట్లో వేసుకుంటుంది. ఆ తప్పు పిల్లది కాదు.

ఇక్కడ అందరిళ్లలో వచ్చే సమస్య ఒకటుంది. తాతయ్యకు షుగర్, రాత్రికి రెండు పుల్కాలు కావాలి. ఆయనకు జొన్నరొట్టె అలవాటు చేయండి. కుదరకపోతే కర్రీ పాయింట్ నుంచి పుల్కాలు తెప్పించి, వేరే కంచంలో, వేరే చోట తినమనండి. ఇంట్లో గోధుమపిండి కలపడం, ఒత్తడం మాత్రం ఆపేయాలి.

4. వంటగది శుభ్రం చేసే రోజు

సెలవు రోజు పెట్టుకోండి. వరస ముఖ్యం: ముందు తీసేయాలి, తర్వాత కడగాలి, ఆ తర్వాతే కొత్త సరుకు తేవాలి. కొత్త సరుకు ముందే తెచ్చి పాత డబ్బాల పక్కన పెడితే పనంతా వృథా.

మొదట, గోధుమ ఉన్నవన్నీ తీసి ఇచ్చేయండి. విప్పిన మసాలా ప్యాకెట్లు, పొడులు, జామ్ సీసాలు కూడా. బ్రెడ్డుకు రాసిన చాకునే మళ్లీ జామ్‌లో ముంచి ఉంటారు.

తర్వాత అరలు ఖాళీ చేసి తడిగుడ్డతో తుడవండి. పొడిగుడ్డతో దులిపితే పిండి గాల్లోకి లేచి మళ్లీ కింద పడుతుంది. పోపుల పెట్టె గిన్నెలన్నీ కడిగి ఎండలో పెట్టండి.

ఆ తర్వాత ఇవి మార్చాలి. కడిగితే చాలదు:

- చెక్క చపాతీ పీట, అప్పడాల కర్ర
- చెక్క గరిటెలు, తెడ్లు
- పిండి జల్లెడ. సన్నని కన్నాల్లో పిండి ఇరుక్కుపోతుంది.
- చపాతీలు కాల్చిన ఇనుప పెనం, గీతలు పడ్డ నాన్‌స్టిక్ పెనం
- బ్రెడ్డు టోస్టర్
- గిన్నెలు తోమే పీచు

స్టీలు గిన్నెలు, కుక్కరు, గాజు సామాను సబ్బుతో బాగా తోమి కడిగితే సరిపోతుంది. మిక్సీ జార్లలో రబ్బరు వాషర్ తీసి కడగండి, కుదిరితే వాషర్ కొత్తది వేయండి. గోధుమపిండి పట్టిన జార్ ఉంటే దాన్ని వాడొద్దు.

పాత నూనె పారబోయండి. పూరీలు, బజ్జీలు వేయించిన నూనెలో అప్పడం వేయిస్తే ఆ అప్పడం కూడా పనికిరాదు.

5. ఇంగువ

మన ఇళ్లలో గ్లూటెన్ ఎక్కువగా వచ్చేది ఇక్కడి నుంచే. పప్పు, సాంబారు, రసం, పులిహోర, ఆవకాయ, నిమ్మకాయ, గోంగూర, కందిపొడి, పోపు వేసిన మజ్జిగ: ఇంగువ పడని వంట ఏది?

బజారులో దొరికే పొడి ఇంగువలో అసలు ఇంగువ తక్కువ. దానికి జిగురు, పిండి కలిపి అమ్ముతారు. చాలా బ్రాండ్లలో ఆ పిండి గోధుమపిండి లేదా మైదా. ముద్ద ఇంగువలో కూడా పిండి కలిపినవి ఉంటాయి, కాబట్టి "ముద్దదైతే పరవాలేదు" అనే మాట నమ్మొద్దు.

ఏం చేయాలి:

- డబ్బా వెనక పదార్థాల జాబితా చదవండి. వీట్ ఫ్లోర్, మైదా అని ఉంటే వద్దు.
- బియ్యప్పిండి, జిగురు కలిపి చేసి, గ్లూటెన్ ఫ్రీ అని రాసినది కొనండి.
- దొరికేదాకా ఇంగువ లేకుండా వండండి. వెల్లుల్లి, జీలకర్ర, కరివేపాకు పోపు చాలు. వారం రోజుల్లో నాలుక అలవాటు పడుతుంది.
- పాత ఆవకాయ జాడీని పిల్లల కంచం దగ్గరకు రానివ్వకండి. అమ్మమ్మ పంపిన పచ్చడైనా ఇంగువ ఏ డబ్బాలోదో అడిగి తెలుసుకున్నాకే పెట్టండి.
- కొన్న సాంబారు పొడి, రసం పొడి, పులిహోర పేస్టులో కూడా ఇదే ఇంగువ ఉంటుంది.

టీటీజీ తగ్గడం లేదని చెప్పే ఇళ్లలో నేను మొదట అడిగే ప్రశ్న "మీ ఇంగువ డబ్బా వెనక ఏం రాసుంది?" అనే.

6. పిండి మర

బియ్యప్పిండి, శనగపిండి, రాగిపిండి, జొన్నపిండి వీటన్నిటిలోనూ సహజంగా గ్లూటెన్ ఉండదు. కానీ వీధి చివర పిండి మరలో మీ జొన్నల కంటే ముందు ఎవరివో గోధుమలు ఆడి ఉంటారు. మర రాళ్ల మధ్య, గొట్టంలో, బట్ట సంచిలో మిగిలిన గోధుమపిండి మీ జొన్నపిండిలో కలిసి వస్తుంది. "ముందు కొంచెం బియ్యం ఆడించి తీసేస్తాం" అని మరవాళ్లు మంచిమనసుతోనే చెబుతారు, కానీ సీలియాక్ పిల్లలకు అది చాలదు.

కిరాణా కొట్లో విడిగా తూచి ఇచ్చే పిండ్ల సంగతీ అంతే. అదే తూకం గిన్నె, అదే గరిటె.

సరైన పద్ధతి ఇది:

1. పిండి కాకుండా గింజలు కొనండి.
2. పళ్లెంలో పోసి ఏరండి. జొన్నల్లో, కొర్రల్లో ఒకటీ అరా గోధుమ గింజలు కనిపిస్తాయి.
3. రెండు మూడు నీళ్లతో కడగండి.
4. శుభ్రమైన బట్ట మీద నీడలో బాగా ఆరబెట్టండి. తడి ఉంటే పిండి పురుగు పడుతుంది.
5. కొద్దికొద్దిగా మిక్సీలో, లేదా ఇంట్లో పెట్టుకునే చిన్న చక్కీలో ఆడండి. ఆ చక్కీలో ఎప్పుడూ గోధుమ పోయొద్దు, ఎవరికీ అరువివ్వొద్దు.
6. కొత్త జల్లెడతో జల్లించి, తేదీ రాసి గాలి చొరని డబ్బాలో పెట్టండి.

ఖర్చు భరించగలిగితే ఇంటి చక్కీ మొదటి నెలలోనే కొనండి. గ్లూటెన్ ఫ్రీ అని రాసిన ఖరీదైన పిండి ప్యాకెట్లు ప్రతి నెలా కొనడం కంటే అది నయం.

7. ప్యాకెట్ మీద ఏం చదవాలి

మన దేశంలో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) నియమం ప్రకారం గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే ఆ ఆహారంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. "లో గ్లూటెన్" అని రాసేది వేరు. అందులో కిలోకు 20 నుంచి 100 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు, కాబట్టి మన పిల్లలకు అది వద్దు.

ప్యాకెట్ చేతిలోకి తీసుకున్నాక ఈ వరసలో చూడండి:

- ముందు "కంటెయిన్స్" అని ఉన్న వాక్యం. అక్కడ వీట్, బార్లీ, గ్లూటెన్ అని ఉంటే వెనక్కి పెట్టేయండి.
- తర్వాత "మే కంటెయిన్" వాక్యం. అక్కడ వీట్ ఉంటే మొదటి ఏడాదైనా కొనకండి.
- ఆ తర్వాత పదార్థాల జాబితా మొత్తం. మైదా, ఆటా, సూజి, సెమోలినా, మాల్ట్, మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ అన్న మాటలు వెతకండి.

అనుమానం రానివాటిలోనే ఎక్కువగా దొరుకుతుంది: కార్న్‌ఫ్లేక్స్‌లో మాల్ట్, సోయా సాస్‌లో గోధుమ, వేఫర్ చాక్లెట్లు, ఐస్‌క్రీమ్ కోన్, సోన్‌పాపిడి, మసాలా చల్లిన చిప్స్. ముందు కొన్న బ్రాండే అయినా ప్రతిసారీ చదవండి. తయారీ మారుతుంది, ప్యాకెట్ రంగు మారదు.

మందుల షాపులోనూ ఒక మాట అడగండి. మాత్రల్లో వాడే స్టార్చ్ దేనిదో అనుమానముంటే డాక్టరుకు చెప్పి వేరే కంపెనీది రాయించుకోండి.

8. ఏది బదులు ఏది: రోజువారీ వంట

మన వంటకాల్లో చాలావాటికి కొత్తగా ఏమీ నేర్చుకోనక్కర్లేదు. ఇడ్లీ, దోశె, పెసరట్టు (లోపల ఉప్మా లేకుండా), గారెలు, దిబ్బరొట్టె, సర్వపిండి, ఉగ్గాని, రాగిసంకటి, పొంగలి ఇవన్నీ సహజంగానే గోధుమ లేనివి. ఖరీదైన ప్యాకెట్ల జోలికి వెళ్లేముందు వీటితోనే వారం మెనూ వేసుకోండి.

మార్చుకోవాల్సినవి:

- బొంబాయి రవ్వ ఉప్మా బదులు బియ్యం రవ్వతో ఉప్పుడుపిండి. గ్లాసు రవ్వకు రెండు గ్లాసుల నీళ్లు, గుప్పెడు పెసరపప్పు.
- సేమియా పాయసం బదులు సగ్గుబియ్యం, లేదా బియ్యం సేమియా.
- మైదాతో చేసే మైసూర్ బజ్జీ బదులు మినప్పిండి పునుగులు. బయటి పునుగుల్లో మైదా కలుపుతారు, ఇంట్లోనే చేయండి.
- పాలలో పొడి బదులు ఇంట్లో ఆడిన రాగి, బాదం, యాలకుల పొడి.

జొన్నరొట్టె విరిగిపోతోందని చాలామంది వదిలేస్తారు. పిండిని సాగేలా చేసేది గ్లూటెనే కాబట్టి, అది లేని పిండిని వేడినీళ్లతో కలపాలి. గ్లాసు నీళ్లు ఉప్పు వేసి తెర్లనిచ్చి, మంట ఆపి, గ్లాసు జొన్నపిండి పోసి గరిటెతో కలపండి. ఐదు నిమిషాలు మూత పెట్టండి. గోరువెచ్చగా ఉన్నప్పుడే తడిచేత్తో అరచేతి మడమతో బాగా మర్దించండి. ముద్ద పగుళ్లు లేకుండా నున్నగా వచ్చేదాకా ఆపొద్దు. పొడిపిండి చల్లి చేత్తో తడుతూ పలచన చేసి, వేడి పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో ఒకసారి అద్దండి. తడి ఆరగానే తిప్పండి.

అయినా అంచులు పగులుతుంటే నీళ్లు సరిగా మరగలేదు, లేదా పిండి పాతది. చపాతీలాగే మడతపడాలని పిల్లలు పట్టుబడితే గ్లాసు పిండికి చెంచా ఇసబ్‌గోల్ పొట్టు కలపండి.

అన్నం ఒక్కదానితోనే నెట్టుకురావొద్దు. తెల్లన్నం, ఇడ్లీ, దోశెలే మూడు పూటలా అయితే పీచు, ఐరన్ చాలక మలబద్ధకం వస్తుంది. రోజుకు ఒక పూట చిరుధాన్యం, రెండు పూటలా పప్పు, ఒక ఆకుకూర, గుడ్డు తినేవాళ్లయితే గుడ్డు.

మొదటి నెలల్లో కొందరు పిల్లలకు పాలు పడవు, కడుపు ఉబ్బరిస్తుంది. పేగు పొర దెబ్బతిని పాలలోని చక్కెర అరగకపోవడం వల్ల ఇలా అవుతుంది. పెరుగు పెట్టి చూడండి. పేగు మానుతున్నకొద్దీ చాలామందికి పాలు మళ్లీ పడతాయి.

9. స్కూలు, అంగన్‌వాడీ

అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతంలో వేయించిన గోధుమ ఉంటుంది. చిన్నపిల్లలున్న తల్లులు ఇది తప్పకుండా గుర్తుంచుకోవాలి. టీచరమ్మకు డాక్టరు చీటీ చూపించి, గుడ్లు, పాలు మాత్రమే తీసుకోండి.

స్కూలుకు మాటలతో చెబితే మర్చిపోతారు. ఇలా ఒక కాగితం రాసి క్లాస్ టీచరుకు, ఆయమ్మకు, వ్యాన్ డ్రైవరుకు తలో కాపీ ఇవ్వండి:

"మా అబ్బాయికి సీలియాక్ అనే జబ్బు ఉంది. ఇది అంటుకునేది కాదు. గోధుమ, మైదా, రవ్వ, బార్లీ కొంచెం తిన్నా పేగు దెబ్బతింటుంది. ఇంటి నుంచి పంపిన డబ్బా తప్ప ఏదీ పెట్టవద్దని మనవి. పుట్టినరోజులకు ఇవ్వడానికి అతని డబ్బా మీ దగ్గర ఉంచుతున్నాం. వాంతులు, కడుపునొప్పి వస్తే ఈ నంబరుకు ఫోన్ చేయండి."

ఆ డబ్బాలో పల్లీ చిక్కీ, నువ్వుండలు, లేబుల్ చూసి కొన్న చాక్లెట్లు పెట్టండి. ప్రతి నెలా నింపండి. పక్కపిల్ల పుట్టినరోజున చేతులు ముడుచుకుని కూర్చోకుండా తనదీ ఒకటి తీసుకుంటాడు.

ఇంకో రెండు విషయాలు. ఆడుకునే రంగుల పిండిముద్దల్లో గోధుమపిండి ఉంటుంది, కాగితాలు అంటించడానికి మైదా జిగురు ఉడికిస్తారు. ముట్టుకుంటే ప్రమాదం లేదు, కానీ చిన్నపిల్లల చేయి నోట్లోకి వెళ్తుంది. ఆ పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగించమని టీచరుకు చెప్పండి. శానిటైజరు గ్లూటెన్‌ను తీసేయదు.

పిల్లవాడికే నేర్పాల్సింది ఒకే ఒక వాక్యం: "అమ్మను అడిగి తింటాను." నాలుగేళ్ల వయసు నుంచే పలికించండి.

10. పండగలు, ప్రసాదాలు, పెళ్లిళ్లు, హోటళ్లు

పండగ వంటల్లో మనకు అదృష్టం ఎక్కువ. అరిసెలు, సున్నుండలు, ఉండ్రాళ్లు, కుడుములు, చలిమిడి, చక్కెర పొంగలి, పూతరేకులు వేటిలోనూ గోధుమ లేదు. జంతికలు ఇంటి బియ్యప్పిండితో చేస్తే సరే. ఉగాదికి బొబ్బట్ల బదులు పూర్ణం బూరెలు చేయండి, తోపు పిండి బియ్యం, మినప్పప్పుదే. సద్దుల బతుకమ్మకు మలీద సజ్జరొట్టెతో చేయండి. రంజాన్‌కు షీర్ ఖుర్మా బియ్యం సేమియాతో. చర్చికి వెళ్లే కుటుంబాలు ప్రభు భోజనంలో ఇచ్చే రొట్టె గురించి పాస్టరుగారితో ముందే మాట్లాడాలి.

ప్రసాదం దగ్గరే ఇబ్బంది. సత్యనారాయణ వ్రతం ప్రసాదం గోధుమ రవ్వతో చేస్తారు, అన్నవరం ప్రసాదం ఎర్ర గోధుమ నూకతో చేస్తారు. కాదంటే పాపమని పెద్దవాళ్లు బాధపడతారు. ఇంట్లో వ్రతమైతే బియ్యం రవ్వతో ప్రసాదం చేసుకోవచ్చా అని పురోహితుణ్ని ముందే అడగండి. గుడిలో అయితే పిల్లలు కళ్లకద్దుకుని తల్లి చేతికివ్వడం అలవాటు చేయండి, కొబ్బరి ముక్క, అరటిపండు తీసుకోనివ్వండి.

బంధువులకు వివరంగా చెప్పే ఓపిక అన్నిసార్లూ ఉండదు. "కొంచెం తింటే ఏమవుతుంది పిన్నీ అంటారు గానీ, ఇది తింటే అలవాటయ్యే జబ్బు కాదు. కొంచెం తిన్నా లోపల పేగు దెబ్బతింటుంది" అని ఒక్కసారి గట్టిగా చెప్పండి. మొహమాటం ఇక్కడ పనికిరాదు.

బయట తినేటప్పుడు:

- దమ్ బిర్యానీ గిన్నె అంచుకు గోధుమపిండి ముద్దతో సీలు వేస్తారు. ఇంట్లో చేస్తే ఆ పిండి బదులు తడిగుడ్డ, బరువు మూత వాడండి.
- హలీంలో గోధుమే ప్రధానం. అసలు ముట్టొద్దు.
- మంచూరియా, చికెన్ 65 లాంటివాటిలో మైదా, సోయా సాస్ ఉంటాయి.
- హోటల్ దోశె పెనం మీదే రవ్వదోశె వేస్తారు. గారెలు మైసూర్ బజ్జీ వేసిన నూనెలోనే వేగుతాయి.
- తప్పనిసరైతే ఆవిరి మీద ఉడికిన ఇడ్లీ, అది కూడా రవ్వ ఇడ్లీ కాదని అడిగాక. సాంబారు వద్దు, ఇంటి నుంచి తెచ్చిన పొడి, నెయ్యి.

పెళ్లిళ్లకు, ప్రయాణాలకు పెరుగన్నం, పులిహోర, అటుకుల మిక్చరు డబ్బాలు మనమే పట్టుకెళ్లాలి. పిల్లలకు ముందు ఇంట్లో కడుపునిండా పెట్టి బయలుదేరితే సగం టెన్షన్ తగ్గుతుంది.

11. పొరపాటున తినేస్తే

విరుగుడు మందు ఏదీ లేదు. వాంతి చేయించొద్దు. నీళ్లు, ఓఆర్ఎస్, మజ్జిగ, మెత్తటి అన్నం ఇవ్వండి. వాంతులు ఆగకపోతే, పిల్లవాడు నీరసించిపోతే వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.

తిట్టొద్దు. తిడితే రెండోసారి తిన్నప్పుడు చెప్పరు, అది ఇంకా ప్రమాదం. ఏం తిన్నాడో, ఎక్కడ తిన్నాడో ఒక పుస్తకంలో రాసిపెట్టండి. కొందరు పిల్లలకు తిన్నా పైకి ఏమీ కనిపించదు. నొప్పి రాలేదు కాబట్టి పడుతోందని అనుకోకండి.

సీలియాక్‌ను పూర్తిగా నయం చేస్తాం, తర్వాత గోధుమ తినొచ్చు అని చెప్పేవాళ్లు మీకు తప్పక ఎదురవుతారు. ఇప్పటివరకు దీనికున్న చికిత్స జీవితాంతం గ్లూటెన్ మానేయడమే. ఆరోగ్యం బాగుపడింది కదా అని మళ్లీ మొదలుపెడితే పేగు మళ్లీ దెబ్బతింటుంది.

12. చెకప్‌లు, రిపోర్టు తగ్గకపోతే చూసుకోవాల్సినవి

ఆకలి, చురుకుదనం కొన్ని వారాల్లోనే మారతాయి. టీటీజీ మాత్రం నెమ్మదిగా దిగుతుంది. నార్మల్‌కు రావడానికి ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు పట్టొచ్చు. మొదట్లో ఆరు నెలలకోసారి, కుదుటపడ్డాక ఏడాదికోసారి పరీక్ష చేయిస్తారు. ప్రతిసారీ ఎత్తు, బరువు రాయించుకోండి. అంకె నార్మల్ కాలేదని కంగారుపడొద్దు, ముందటిసారికంటే తగ్గిందా అని చూడండి.

తగ్గకపోయినా, పెరిగినా ఈ వరసలో వెతకండి:

- ఇంగువ, కొన్న మసాలా పొడులు, పాత పచ్చళ్లు
- మరలో ఆడించిన, విడిగా కొన్న పిండ్లు
- పాలలో కలిపే పొడి, కార్న్‌ఫ్లేక్స్
- ఇంట్లో ఇంకా ఎవరైనా చపాతీ చేస్తున్నారా? పెనం, నూనె, జల్లెడ ఉమ్మడిగా వాడుతున్నారా?
- స్కూల్లో డబ్బాలు మార్చుకుంటున్నారా? కోప్పడకుండా అడగండి.
- సెలవుల్లో నాయనమ్మ, అమ్మమ్మ ఇళ్లలో వంట ఎలా జరుగుతోంది? వాళ్లకు ఈ జాబితా, ఒక ఇంగువ డబ్బా, ఒక కొత్త పెనం మీరే కొనిపెట్టండి.
- ట్యూషన్, పక్కింటి ఆటలు, వ్యాన్‌లో పంచుకునే బిస్కెట్లు

ఇవన్నీ చూశాక కూడా టీటీజీ దిగకపోతే పుస్తకంలో రాసిన తిండి వివరాలు, ఇంట్లో వాడే ప్యాకెట్ల ఫోటోలు తీసుకుని డాక్టరుతోపాటు డైటీషియన్‌ను కూడా కలవండి. ఆ ఫోటోల్లో వాళ్లకు మనం చూడనిది కనిపించొచ్చు.